నా చేత తాకించిన తాంబూలం

నేను ఇంతకాలం రాయకపోవడానికి బడి గంటే కారణం. మా పాళెంలో బడి గంట కొట్టే వేళా, పడవలు ఒడ్డుకు చేరే వేళా ఒకటే. గంట వినపడగానే మగపిల్లలు పలకలు తీసుకుని అటు పరిగెత్తేవాళ్ళు, ఆడపిల్లలం గంపలు తీసుకుని ఇటు పరిగెత్తేవాళ్ళం. నన్ను బడికి పోవద్దని ఇంట్లో ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు. చేప ఆలస్యమైతే పాడవుతుంది, అక్షరాలు ఎక్కడికి పోతాయి, రేపు నేర్చుకోవచ్చు అన్నట్టుగా ఉండేది. ఆ రేపు వచ్చేసరికి నాకు మనవరాలు పుట్టింది.

నాకు అక్షరాలు నేర్పింది పక్క ఊరి టీచరమ్మ. ఆమె బడిలో టీచరు కాదు, ఇంట్లో మిషను కుడుతుంది. ఆదివారం చర్చి అయిపోయాక ఆ చర్చి వరండాలోనే మా వయసు ఆడవాళ్ళను కూర్చోబెట్టి పలకలు ఇచ్చేది. మేము గుడికి పోయేవాళ్ళం, ఆమె చర్చికి పోయే మనిషి. ఊరికే నేర్పుతుంటే దీని వెనకాల ఏముందా అని కొన్నాళ్ళు కనిపెట్టి చూశాను. ఏమీ లేదు. "అక్కా, నీ అనుమానంలో సగం అక్షరాల మీద పెట్టు, తొందరగా వస్తాయి" అని నవ్వేది. తొందరగా రాలేదు. ఉప్పుకూ ఇసుకకూ మొద్దుబారిన వేళ్ళలో బలపం నిలిచేది కాదు. ఒత్తులు వచ్చేసరికి నాతో కూర్చున్నవాళ్ళలో చాలామంది మానేశారు.

చదువు వస్తే ధైర్యం వస్తుందని అందరూ అన్నారు. నాకు అనుమానం వచ్చింది. అంతకు ముందు బియ్యం బస్తా బస్తాలాగే ఉండేది. ఇప్పుడు బస్తా మీద ఒక మాట ఉంటుంది, లోపల ఇంకొక రకం ఉంటుంది. మాత్రల అట్ట వెనక అక్షరాలు అంత చిన్నవిగా ఎందుకు పెట్టారో అని ఆలోచిస్తాను. మా వదిన, అంటే మా పెద్దన్న భార్య, పక్కింట్లోనే ఉంటుంది. ఆమెకు అక్షరం ముక్క రాదు, మాటకు మాత్రం కరువు లేదు. "నీకు చదువొచ్చినప్పటి నుంచి అన్నం కూడా చదివి తింటా ఉండావు గదమ్మే" అంటుంది.

మేము కొంతమంది ఆడవాళ్ళం కలిసి చేపలు ఎండబెట్టి అమ్ముతాం. నెత్తళ్ళు, కవళ్ళు, రొయ్యపొట్టు. ఏరు సముద్రంలో కలిసే మొగకు ఉత్తరాన ఒక ఇసుక దిబ్బ ఉంది. మా అమ్మ అక్కడే ఎండబెట్టింది, ఆమె అత్త అక్కడే ఎండబెట్టింది. ఈ మాటలు నేను ఆ దిబ్బ పక్కన తాటాకుల పాక కింద కూర్చునే రాస్తున్నాను. ఎదురుగా నెత్తళ్ళు ఎండుతున్నాయి. కాకులు రాకుండా ఒక కన్ను వాటి మీద వేసి రాస్తున్నాను కాబట్టి వరసలు వంకర పోతే ఏమీ అనుకోవద్దు.

సంఘం పెట్టినప్పుడు బ్యాంకు తరఫున వచ్చిన ఒకాయన మాకు ఒక ఫోన్ కొనిపించి, అందులో మెయిల్ తెరిచి ఇచ్చాడు. ఎండుచేపల పొట్లాల మీద అంటించే కాగితంలో మా ఫోన్ నంబరు, కింద మెయిల్ అడ్రసు ఉంటాయి. చదవడం వచ్చింది నాకు ఒక్కదానికే కాబట్టి ఫోన్ నా నడుముకే ఉంటుంది. ఆ మెయిల్‌లోకి ఎవరూ రాయరు. ఎవరెవరో ఏవేవో అమ్మజూపుతుంటారు, అవి ఇంగ్లీషులో ఉంటాయి, నేను వదిలేస్తాను.

పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఫోన్ టింగుమంది. రెండు వందల రూపాయలు జమ అయ్యాయని మెసేజి. ఎవరు వేశారో తెలియదు. చేపలు ఎవరూ అడగలేదు, వానల్లో మాకు సరుకే ఉండదు. ఆ వెంటనే ఒక మెయిల్ వచ్చింది. తెలుగులో ఉంది. నేను తెరిచి, వేలు పెట్టి మెల్లగా చదివాను.

నమస్కారం, మీ సమయం విలువైనదని మాకు తెలుసు అని మొదలైంది. ఈ మెయిల్ చదవడానికి మీరు చూపే శ్రద్ధకు గౌరవంగా రెండు వందల రూపాయలు పంపామని, జవాబు ఇవ్వకపోయినా ఆ డబ్బు మీదేనని, జవాబు ఇస్తే ఇంకో ఐదు వందలు పంపుతామని ఉంది. కింద ఒకే ప్రశ్న. ఏటి మొగకు ఉత్తరాన ఉన్న ఇసుక నేలను మీ ఊరివాళ్ళు ఎప్పుడెప్పుడు వాడుతారు? దాని కింద మూడు రంగుల్లో మూడు గడులు. ఏడాదంతా. కొన్ని నెలలు. వాడరు. ఏదో ఒకటి నొక్కాలి. రాయడానికి చోటు లేదు.

నేను ఫోన్‌ను పీట మీద పెట్టి కొంచెం దూరం జరిగి కూర్చున్నాను.

వదిన వచ్చి విషయం విని పకపకా నవ్వింది.

"చదివినందుకు డబ్బులా? మాకు ఇన్నాళ్ళూ పకోడీ పొట్లం కాగితాలు కూడా ఊరికే చదివి పెట్టినావు గదమ్మే. ఎంత నష్టపోయినావో చూసుకో."

"నవ్వకు వదినా. ఎవురో తెలీదు, ఎందుకో తెలీదు."

"ఎవురైతే ఏంది? ఆ గడి ఏదో నొక్కేయ్. ఐదు వందలొస్తే పాక మీదికి పట్ట కొనుక్కోవచ్చు. కారతా ఉండాది గదా."

"దిబ్బ గురించి అడగతా ఉండారు."

"అడిగితే చెప్పు. మనం దొంగతనంగా ఎండబెడతా ఉండామా?"

నాకు ఆమెకు ఎలా చెప్పాలో తెలియలేదు. నా బతుకులో ఎవరైనా నా మాట వినాలంటే నేనే డబ్బు పెట్టాను. నేను వినాలని, చదవాలని నాకు డబ్బు పెట్టినవాడు లేడు.

మా పాళెంలో ఒక పద్ధతి ఉంది. ఎవరికైనా గొడవ వస్తే పెద్దల ముందు పళ్ళెం పెడతారు. పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, వాటి మీద కొంచెం డబ్బు. దాన్ని తాంబూలం పెట్టడం అంటాం. ఊరి పెద్దను మేము పెద్దకాపు అని పిలుస్తాం. పెట్టినవాడు నిలబడతాడు, పెద్దకాపు కూర్చుంటాడు. ఆయన ఆకును వేలితో తాకితే, మాట తేలేదాకా లేవకూడదు. తర్వాత నేను వినలేదు, నాకు తెలియదు అనకూడదు. వినడం ఇష్టం లేకపోతే తాకడు, అంతే. ఆ డబ్బు లంచం కాదు, కూలి కాదు. నీ చెవి నాకు ఇవ్వు అని అడగడం.

నా భర్త జబ్బు చేసి పోయినప్పుడు వలలో ఆయన వాటా ఎవరిదని గొడవ వచ్చింది. ఆడవాళ్ళు తాంబూలం పెట్టరు కాబట్టి మా పెద్దన్న పెట్టాడు. అప్పుడు ఇప్పటి పెద్దకాపు తండ్రి పెద్దగా ఉండేవాడు. ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని చాలాసేపు కదల్చలేదు. నేను అన్న వెనక నిలబడి ఆ చేతులే చూశాను. చివరికి తాకాడు, వాటా నాకు వచ్చింది. అప్పటి నుంచి నాకు మనుషుల ముఖాలకంటే చేతులు చూసే అలవాటు.

అందుకే ఆ రెండు వందలు చూసి నాకు నిద్ర పట్టలేదు. తాకాలా వద్దా అని తేల్చుకునే హక్కు తాంబూలం ముందు కూర్చున్నవాళ్ళకు ఉంటుంది. నాకు అది లేకుండా పోయింది. నేను మెయిల్ తెరవకముందే డబ్బు లోపలికి వచ్చేసింది. పడుకున్న మనిషి చెయ్యి పట్టుకుని ఆకు మీద పెట్టినట్టు ఉంది. పైగా పెట్టినవాడు ఎదురుగా నిలబడలేదు. ముఖం లేదు, చేతులు అసలే లేవు.

మరుసటి రోజు తోటపల్లి గూడూరులో రీచార్జి కొట్టు అబ్బాయి దగ్గరకు పోయి డబ్బు వెనక్కి పంపమన్నాను.

"అమ్మా, నా దగ్గరకు వచ్చేవాళ్ళంతా డబ్బులు పోయినాయని ఏడ్చేవాళ్ళే. వచ్చినాయని ఏడ్చే మనిషిని నిన్నే చూడటం" అన్నాడు. తర్వాత ఫోన్ అటూ ఇటూ తిప్పి, "పంపినోళ్ళ నంబరుకు డబ్బులు పోవడం లేదు. అది ఇచ్చేదానికే గానీ తీసుకునేదానికి కాదు" అన్నాడు.

ఇవ్వడమే తప్ప తీసుకోని వాళ్ళు నాకు ఎక్కడా తగల్లేదు. మెయిల్ అడుగున సందేహాలకు అని ఒక నంబరు ఉంటే, కొట్టు బయట బెంచీ మీద కూర్చుని దానికి చేశాను. ఒక అమ్మాయి ఎత్తింది. చక్కటి గొంతు.

"చెప్పండి మేడమ్."

"మీరు నాకు డబ్బు పంపినారు. వెనక్కి తీసుకోండి."

"అది మీదేనండీ. మీరు చదివినందుకు. ఈ రోజుల్లో ఎవరికి మెయిల్ పంపినా చదవడం లేదు కదండీ, అందుకని ముందే కొంచెం ఇస్తాము."

"నేను డబ్బు లేకపోయినా చదవతాను."

అమ్మాయి నవ్వింది. "మీలాంటి వాళ్ళు తక్కువండీ."

"నేను చదివినట్టు మీకెట్టా తెలుసు?"

"మీరు తెరవగానే మాకు తెలుస్తుందండీ. నిన్నటి నుంచి చాలాసార్లు తెరిచారు కదా."

నా చుట్టూ ఎవరైనా ఉన్నారా అని చూశాను. బెంచీ చివర ఒక ముసలాయన బస్సు కోసం కూర్చుని ఉన్నాడు, అంతే.

"మా దిబ్బ సంగతి ఎవరికి కావాల?"

"క్లయింట్‌కండీ."

"ఆయనెవరు?"

"పేరు మాకు కూడా చెప్పరండీ. మేము ప్రశ్నలు పంపి, జవాబులు తీసుకుని ఇస్తాము. అంతే మా పని."

ఆ అమ్మాయి అబద్ధం చెప్తున్నట్టు అనిపించలేదు. అబద్ధమైతే బాగుండేది. అప్పుడు నిజం తెలిసినవాళ్ళు ఒకరైనా ఉన్నట్టు కదా.

"మీరు టెన్షన్ పడకండి ఆంటీ. ఇష్టం లేకపోతే వదిలేయండి. మీ ఊరి నుంచి ఒక జవాబు ఎలాగూ వచ్చేసింది. శనివారం రిపోర్టు పంపించేస్తాము."

"ఏమని వచ్చింది?"

"అది చెప్పకూడదండీ."

"ఎవరు ఇచ్చినారు?"

"అదీ చెప్పకూడదండీ."

బస్సులో తిరిగి వస్తూ నేను ఆలోచించింది ఒకటే. ఎవరు? మా ఫోన్ రెండు వేళ్ళకు తెరుచుకుంటుంది. ఒకటి నాది, ఒకటి వదినది. నేను సంతకు పోయినప్పుడు సంఘం ఫోన్ మోగితే ఎత్తాలని ఆమె వేలు కూడా పెట్టించాం. ఆమెకు చదవడం రాదు గానీ రంగుల గడి నొక్కడానికి చదువు ఎందుకు? పట్ట కొనుక్కోవచ్చని మొదట అన్నది కూడా ఆమే.

ఆ సాయంత్రం వదిన ముగ్గు గిన్నె కోసం వచ్చినప్పుడు ఫోన్‌ను కొంగు కింద పెట్టుకున్నాను. ఆమె చూసింది.

"ఏందిమే దాస్తా ఉండావు?"

"ఏం లేదు."

"నీ మొగుడు పోయినప్పుడు నా మొగుడు తాంబూలం పెట్టినాడు. ఊరంతా ఒకవైపు ఉంటే మేము నీ వైపు ఉండాం. ఇప్పుడు నేను ఫోన్ ముట్టుకుంటానని కొంగు కింద పెడతావా?"

"నువ్వు నొక్కినావా వదినా?"

ఆమె వెనక్కి తిరిగింది. ముగ్గు గిన్నె కూడా తీసుకోకుండా పోయింది. ఆమె అలిగితే పది మాటలు అని పోయే మనిషి, మాట లేకుండా పోవడం నేను అంతకుముందు చూడలేదు. అయినా నా అనుమానం పోలేదు. మాట లేనిది కోపం వల్లా, తప్పు వల్లా అని కూడా అనుకున్నాను. మెయిల్‌లో ఐదు వందలు ఇస్తామన్నారు కదా, మరి ఆ డబ్బు రాలేదే అని ఆమె పోయాక చాలాసేపటికి తట్టింది. నొక్కి ఉంటే ఫోన్ టింగుమనేది.

మర్నాడు పొద్దున కుళాయి దగ్గర నుంచి వదినే వచ్చింది. బిందె దించకుండా గుమ్మంలో నిలబడింది.

"నీతో మాట్లాడేదానికి రాలేదు. చెప్పిపోదామని వచ్చినాను. పెద్దకాపు పెళ్ళాం కుళాయి కాడ అందరికీ చెప్తా ఉండాది. వాళ్ళాయన ఫోన్‌కి ఏదో ఆఫీసు నుంచి డబ్బులొచ్చినాయంట. పెద్దమనిషి కదా, అభిప్రాయం అడిగినారంట. కళ్ళద్దాలు కనపడక కోడలు చేత నొక్కించినాడంట. ఇంకా డబ్బులొచ్చినాయంట."

"ఏది నొక్కింది?"

"కొన్ని నెలలు అని చెప్పినాడంట. ఉన్నదే గదా అని."

ఉన్నదే. అది అబద్ధం కాదు, అందుకే నాకు భయం వేసింది. వానాకాలం వచ్చిందంటే ఆ దిబ్బ మీద మనిషి ఉండడు. ఆ నెలల్లో దాన్ని సముద్రం వాడుకుంటుంది. అల దిబ్బ ఎక్కి పాత ఇసుకను ఊడ్చుకుపోయి కొత్తది పరిచిపోతుంది. చేపనూనె పట్టిన ఇసుక అట్లాగే ఉండిపోతే మరుసటి ఏడు నెత్తళ్ళు నల్లబడతాయి, పురుగు పడుతుంది. ఆ ఖాళీ కూడా మా పనే. ఆ సంగతి పెద్దకాపుకు నాకంటే బాగా తెలుసు. కానీ మూడు గడుల్లో అది పట్టే గడి లేదు.

మొగకు దక్షిణాన రొయ్యపిల్లల హేచరీ ఉంది. దాని గోడ సముద్రం దాకా పోయింది. ఆ నేల కూడా ఒకప్పుడు మాలాంటి ఆడవాళ్ళు కొన్ని నెలలు చేపలు ఎండబెట్టుకున్నదే. వాళ్ళు ఇప్పుడు రోడ్డు మీద తారు పక్కన ఎండబెడతారు, లారీల దుమ్ము పడుతుంది, సగం ధర కూడా రాదు. వాళ్ళను కూడా ముందు ఎవరైనా అడిగారేమో, కొన్ని నెలలు అని ఉన్నదే చెప్పారేమో, నాకు తెలియదు. కానీ అప్పటి నుంచి ఆ మాట నా మెదడులోంచి పోలేదు.

వదిన బిందె దించింది. "ఇప్పుడేం చేస్తావు?"

"నిన్ను అడిగినందుకు..."

"అది తర్వాత చూసుకుందాం. ఇప్పుడేం చేస్తావు?"

టీచరమ్మ దగ్గరకు పోయాను. ఆమె మిషను ఆపి మెయిల్ చదివింది, ఒకసారి కాదు, మళ్ళీ వెనక్కి పోయి చదివింది.

"నువ్వే జవాబు రాయి అక్కా" అంది.

"నువ్వు రాసి పెట్టు. నాకు తప్పులొస్తాయి."

"తప్పులొస్తే రానీ. నేను రాస్తే అది నా మాట అవుతుంది. ఊరు నాది కాదు గదా."

ముక్కూ ముఖమూ తెలియనివాళ్ళకు నేను రాసిన మొదటి ఉత్తరం అదే. గడులు వదిలేసి, ఆ మెయిల్‌కే తిరుగు మెయిల్‌గా సాయంత్రం దీపం పెట్టే వేళ మొదలుపెట్టాను. ఒక్కో అక్షరం ఫోన్‌లో వెతుక్కుని నొక్కాను. ఏమి రాశానంటే, అయ్యా, మీరు పెట్టిన తాంబూలం మేము తాకలేదు, మా ఫోన్ తాకింది. మా ఊరిలో తాంబూలం పెట్టినవాళ్ళు ఎదురుగా వచ్చి నిలబడాలి. దిబ్బ గురించి అడగాలంటే మనిషి రావాలి. మీకు ఇంతకు ముందు వచ్చిన జవాబు ఒక ఇంటిది, ఊరిది కాదు. ఊరు ఇంకా జవాబు చెప్పలేదు. వానాకాలంలో దిబ్బ ఖాళీగా ఉందంటే మేము వదిలేశామని కాదు.

పంపించు అని నొక్కాను. వేలు ఇంకా తీయనేలేదు, ఫోన్ టింగుమంది.

ఐదు వందలు జమ అయ్యాయి. దాని వెనకే మెయిల్. మీ విలువైన జవాబుకు ధన్యవాదాలు అని ఒకే ఒక వరస.

అంత పొడుగు ఉత్తరం రెప్పపాటులో చదవగల మనిషి ఎవరూ ఉండరు. చదవలేదు. నేను ఒప్పుకోను అని రాశాను, దానికి కూడా డబ్బు ఇచ్చారు. చదివితే రెండు వందలు, జవాబు ఇస్తే ఐదు వందలు, జవాబులో ఏముందో వాళ్ళకు అక్కర్లేదు. వాళ్ళ లెక్కలో మా సంఘం కూడా ఇప్పుడు జవాబు ఇచ్చినట్టే. నా చేతిని రెండోసారి పట్టుకుని ఆకు మీద పెట్టారు, ఈసారి నేను మెలకువగానే ఉన్నాను.

గోడ అవతల నుంచి వదిన ఆ టింగు విన్నది.

"ఏమన్నారు?"

"ధన్యవాదాలు అన్నారు."

ఆమె గోడ దగ్గరికి జరిగిన చప్పుడైంది. తర్వాత, "పెద్దకాపు చెప్పింది పోవాలంటే పెద్దకాపే ఊరిని కూర్చోబెట్టి మార్చాల" అంది.

"తాంబూలం పెట్టాల."

"మీ అన్నను అడగతాను."

అన్న పెట్టడని నాకు తెలుసు. పెద్దకాపు పడవలోనే అన్నకు పని. వదినకు కూడా తెలుసు. ఆమే మళ్ళీ గోడ అవతల నుంచి, "ఆకులు నా దగ్గర ఉండాయిలే" అంది.

తెల్లవారి వాన తెరిపి ఇచ్చింది. స్నానం చేసి, నా భర్త వాటా కోసం అన్న మోసిన ఇత్తడి పళ్ళెమే అటక మీద నుంచి దించి చింతపండుతో తోమాను. వదిన తమలపాకులు తుడిచి పేర్చింది. ఫోన్‌లో వచ్చినంత డబ్బు సంఘం డబ్బాలోంచి తీసి ఆకుల మీద పెట్టాం. పట్ట కొనాల్సిన డబ్బు అని వదిన ఒక్కసారి అని ఊరుకుంది. దారిలో చీపుళ్ళు పట్టుకున్న ఆడవాళ్ళు పళ్ళెం చూశారు, తర్వాత నన్ను చూశారు. ఒకరిద్దరు చీపుళ్ళు గోడకు ఆనించి వెనకాల వచ్చారు.

పెద్దకాపు వరండాలో కూర్చుని టీ తాగుతున్నాడు. నేను పళ్ళెం ఆయన ముందు గచ్చు మీద పెట్టి మెట్టు దిగి నిలబడ్డాను.

"ఏందమ్మా ఇది? మీ అన్న యాడ?"

"ఇంట్లో ఉండాడన్నా. ఇది నేను పెట్టినాను."

"ఆడోళ్ళు పెట్టేది లేదు గదమ్మా."

నా వెనక నుంచి వదిన అంది. "లేదు మామా, ఒప్పుకుంటాం. నీ ఫోన్‌లో నొక్కింది మాత్రం మగోడి వేలా?"

లోపల గుమ్మంలో కోడలు తల వెనక్కి తీసుకుంది. పెద్దకాపు టీ గ్లాసు కింద పెట్టాడు.

"మాట ఎవురి మీద?"

"నీ మీద కాదన్నా" అన్నాను. "ఎవురి మీదో తెలీకనే వచ్చినాను. ఊరి పేరు మీద జవాబు పోయింది, ఊరు కూర్చోలేదు. శనివారం లోపల కూర్చోవాల. ఊరు అనుకున్నది పంచాయతీ కాగితం మీద రాసి వాళ్ళకు పంపాల. రాసేదానికి నేను ఉండాను."

"ఇంత డబ్బు ఎందుకు పెట్టినారు? ఎవురిదిది?"

"నీకు వచ్చింది ఎవురిదో, ఇదీ వాళ్ళదే. నేనూ తీసుకున్నాను అన్నా, తెలీకనే."

ఆయన పళ్ళెం వైపు చూశాడు, వీధిలో చేరిన ఆడవాళ్ళ వైపు చూశాడు. చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. అచ్చం వాళ్ళ నాన్న లాగే. ఈ చేతులు కదలవేమో అనుకున్నాను. ఎవరి ఇంట్లోనో కుక్కర్ కూత పెట్టింది. ఆయన కుడి చెయ్యి లేచి, టీ అంటిన వేళ్ళను లుంగీకి తుడుచుకుని, పై ఆకు అంచును ఒక వేలితో తాకింది.

"చదువు" అన్నాడు. "నాకు అది మొత్తం చదివి వినిపించినోళ్ళు లేరు. నొక్కమంటే నొక్కమన్నాను."

నడుము నుంచి ఫోన్ తీసి ఆ మెయిల్ తెరిచాను. నేను తెరవగానే ఎక్కడో ఎవరికో తెలిసి ఉంటుంది. తెలియనీ అనుకున్నాను. వెనక ఉన్నవాళ్ళకు కూడా వినపడాలని గొంతు పెంచి, ఒత్తులు మింగకుండా, మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టాను. నమస్కారం, మీ సమయం విలువైనదని మాకు తెలుసు.